మామ్మగారు మందిరానికి ఎందుకు రాలేదు?

మా సంఘములో ఒక మామ్మగారు ఉన్నారు. వయస్సు 76 అని ఆధారు కార్డు చెబుతుంది. ఆమెను అడిగితే, 1977లో దివిసీమ ఉప్పెన వచ్చిననాడు తన చంకలో రెండవ బిడ్డ ఉన్నాడని చెబుతారు, అంతే. ఆదివారము మొదటి గంట కొట్టకముందే వచ్చి, స్త్రీల వైపు ముందు చాప మీద, హార్మోనియము పక్కన కూర్చుండెడివారు. రెండేళ్ళ క్రిందటి సంక్రాంతి తరువాత ఆమె రాక తగ్గింది. మట్టల ఆదివారము నాటికి పూర్తిగా మానివేశారు.

మేము దర్శించుటకు వెళ్ళాము. కుమారుడు కుర్చీ వేసి, "పెద్దవయస్సు కదండీ అయ్యగారూ, ఇక అంతే" అన్నాడు. మామ్మగారిని "బాగున్నారా?" అని అడిగాము. "బాగానే ఉన్నాను అయ్యగారూ" అన్నారు. ప్రార్థించి, కాఫీ త్రాగి వచ్చాము. నెల తరువాత మరల వెళ్ళాము. అదే ప్రశ్న, అదే జవాబు, అదే కాఫీ.

సంగతి బయటపెట్టినది మా పాటల బృందములో ఉన్న ఒక సహోదరి. ఆమె మా ఊరి ఆశా కార్యకర్త. "అయ్యగారూ, బాగున్నారా అని అడిగితే ముసలివాళ్ళు ఎవరైనా బాగున్నానే అంటారండీ. పొద్దున లేచిన దగ్గరనుంచి ఏమేమి చేయగలుగుతున్నారో అడగాలి" అని ఆమె మాతో అన్నది. మాకు కొంచెము చిన్నతనముగా తోచిన మాట నిజమే. ఇరువది ఏళ్ళుగా ఇల్లిల్లూ తిరుగుచున్న మాకు అడుగుట రాదా? రాలేదు, అంతే.

మూడవసారి మా శ్రీమతిని, ఆ సహోదరిని వెంటబెట్టుకొని వెళ్ళాము. మేము అరుగు మీద కుమారునితో కూర్చున్నాము. వారిద్దరూ లోపల మామ్మగారితో గంటసేపు మాట్లాడారు. ఆమె చెప్పినవి మేము ఇక్కడ వ్రాయుటకు ఆమె అనుమతి తీసుకున్నాము. "రాయండి, ఇంకొక ముసలమ్మకైనా పనికివస్తుంది" అన్నారు.

మంచము మీద నుండి లేవగానే కళ్ళు తిరుగుతాయి. గోడ పట్టుకొని కాసేపు నిలబడితేగాని అడుగు పడదు. దొడ్డివైపు మరుగుదొడ్డికి వెళ్ళుచూ ఒక తెల్లవారుజామున అరటిపాదులో పడ్డారు. కొడుకు కోప్పడతాడని ఎవరికీ చెప్పలేదు. దగ్గినా తుమ్మినా చీర తడుస్తుంది. గంటన్నర ఆరాధనలో అంతసేపు ఒంటికి ఆగదు, మా మందిరము వెనుక ఆడవారు వెళ్ళుటకు చోటు లేదు. చాప మీద కూర్చుంటే ఇద్దరు చేయి ఇస్తేగాని లేవలేరు. పైగా ప్రసంగము వినబడదు. "అయ్యగారు గొంతు చించుకుంటున్నట్టు కనబడుతుందిగాని నాకు ఏటిగాలి చప్పుడులాగే ఉంటుంది" అన్నారట.

ఇవన్నీ కలిసి కుమారుని నోట "పెద్దవయస్సు" అను ఒక్క మాట అయినవి. మేమూ ఆ మాటను నమ్మి రెండుసార్లు తిరిగి వచ్చాము.

ఆ సహోదరి అడిగిన మరొక ప్రశ్న, "మామ్మా, మీరు వేసుకునే మందులన్నీ తెండి." బిస్కెట్ల డబ్బా వచ్చింది. అందులో నాలుగు రకాల బిళ్ళలు, ఒక ఖాళీ సీసా, ఎవరో ఇచ్చిన నొప్పుల గొట్టము. ఊరిలో ఇచ్చే బి.పి. బిళ్ళలు ఆమె ఎన్నో ఏళ్ళుగా వేసుకుంటున్నారు. సంక్రాంతికి కుమారుడు పట్టణములో ఒక డాక్టరుగారికి చూపించినప్పుడు ఈ డబ్బా ఇంట్లోనే ఉండిపోయింది. ఆయన తన పద్ధతిలో బి.పి. బిళ్ళ వ్రాశారు. కొన్నాళ్ళకు పాదాలు వాచినవి. వాపు తగ్గుటకు నీళ్ళ బిళ్ళ వచ్చింది. నీళ్ళ బిళ్ళతో పదే పదే ఒంటికి. దానికి భయపడి ఆమె మధ్యాహ్నము తరువాత నీళ్ళు త్రాగుట మానివేశారు. గొలుసుకు ఒక్కొక్క కడియము ఇట్లు తగులుకున్నది.

తరువాతి వారము మేమందరము కలిసి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాము. వైద్యాధికారి చిన్న వయస్సు అమ్మాయి. మందుల డబ్బా మొత్తము బల్ల మీద కుమ్మరించి, అట్టలను జతలుగా పేర్చింది. రెండు అట్టల మీద కంపెనీ పెట్టిన పేర్లు వేరు; క్రింద చిన్న అక్షరాలలో ఉన్న మందు మాత్రము ఒక్కటే, ఆమ్లోడిపిన్. మామ్మగారు దానిని ప్రతిరోజు రెండింతలు మింగుచున్నారు. కాళ్ళ వాపు ఆ మందు ఎక్కువైనప్పుడు వచ్చే వాపేనని డాక్టరమ్మ చెప్పింది.

తరువాత పడుకోబెట్టి బి.పి. చూచింది. లేచి నిలబడమని ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మరల చూచింది. పడుకున్నప్పుడు 134 ఉన్న పై అంకె నిలబడేసరికి 106కు దిగింది. నిలబడిన మూడు నిమిషాలలో పై అంకె 20 గాని, క్రింది అంకె 10 గాని పడిపోయిన యెడల అట్టివారు పడిపోవు ప్రమాదములో ఉన్నట్టే. కుర్చీలో కూర్చోబెట్టి ఒక్కసారి చూచి పంపివేస్తే ఇది ఎన్నటికీ కనబడదు. చెవిలో దీపము వేసి చూస్తే కుడిచెవిలో కొంత, ఎడమచెవి నిండా గుబిలి. కుడికంటికి శుక్లము. రక్తము కొంచెము తక్కువ.

ఒక అట్ట తీసివేశారు. నీళ్ళ బిళ్ళ కూడ డాక్టరమ్మ మాన్పించింది, రెండు వారాలకు మరల రమ్మని. (ఈ వ్యాసము చదివి ఎవరూ తమ బిళ్ళలు తామే మానివేయకూడదు. బి.పి. బిళ్ళ హఠాత్తుగా మానితే వచ్చే అపాయము వేరు. డబ్బా తీసుకొనిపోయి చూపించుటే మీ పని.)

ఇట్టి పరీక్షకు వైద్యలోకములో ఒక చరిత్ర ఉన్నది. 1935లో లండనులోని వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రివారు పక్కనే ఉన్న బీదల ఆశ్రయపు ఆసుపత్రిని తమలో కలుపుకున్నారు. అక్కడ ఏడు వందల మందికి పైగా రోగులు. చాలామంది ఏళ్ళ తరబడి మంచాలు దిగనివారు. మార్జరీ వారెన్ అను వైద్యురాలికి వారి బాధ్యత అప్పగించారు. ఆమె ఒక్కొక్కరిని వేరువేరుగా పరీక్షించింది. ఈయనకు జబ్బేమిటి, ఈమె నడవగలదా, మూత్రము ఎందుకు ఆగుట లేదు, ఇంట్లో చూచేవారున్నారా అని విచారించింది. నయము కానివారని వదిలివేయబడినవారిలో అనేకులు లేచి నడిచారు, కొందరు ఇండ్లకు తిరిగి వెళ్ళారు. గోడలకు లేతరంగు వేయించి, వెలుతురు పెంచి, పట్టుకొనుటకు కమ్మీలు పెట్టించిందని కూడ చెబుతారు. 1943లోను 1946లోను ఆమె ప్రకటించిన వ్యాసముల తరువాత వృద్ధుల వైద్యము ఒక ప్రత్యేక శాఖగా ఎదిగింది. మన దేశములో మద్రాసు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో 1978లో డాక్టర్ వి.ఎస్. నటరాజన్ వృద్ధుల కొరకు ప్రత్యేక వైద్యసేవ ఆరంభించారు.

అయితే పరీక్ష ఒక్కటే చాలదు. బ్రిటనులో 1990లో, 75 ఏళ్ళు దాటిన ప్రతివారికి ఏటేటా ఆరోగ్య పరీక్ష చేయవలెనని కుటుంబ వైద్యులకు నిబంధన పెట్టారు. 2004లో దానిని తీసివేశారు. అదే సంవత్సరము ప్రకటింపబడిన ఒక పెద్ద పరిశోధనలో, నూరుకు పైగా క్లినిక్కులలో నలువది వేలకు మించిన వృద్ధులను గమనించారు. అందరినీ వివరముగా పరీక్షించినా, అవసరము ఉన్నట్టు కనబడినవారినే పరీక్షించినా మరణాలలో గాని ఆసుపత్రి చేరికలలో గాని తేడా రాలేదు. కాగితము నింపుట వేరు, కాగితములో బయటపడినదానికి ఏదైనా చేయుట వేరు. మాకు ఇది ఎంత నిజమో తరువాత తెలిసింది.

ఇంటివారు తెలుసుకొనవలసినవి కొన్ని ఉన్నవి. వీటికి యంత్రాలు అక్కరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 నుండి ఊరి స్థాయి ఆరోగ్య సేవకులకు చెప్పుచున్న పద్ధతి దాదాపు ఇదే: నడక, తిండి, చూపు, వినికిడి, జ్ఞాపకము, మనస్సు, ఈ ఆరింటిని చూడవలెను.

నడకకు ఒక కుర్చీ చాలు. చేతులు ఎదమీద కట్టుకొని కుర్చీలోనుండి అయిదుసార్లు లేచి కూర్చొనమనండి, పక్కన ఒకరు నిలబడండి. 14 సెకన్లు దాటితే కాళ్ళలో బలము తగ్గినట్టే. మరొకటి, కుర్చీలోనుండి లేచి 3 మీటర్లు మామూలుగా నడిచి, తిరిగి వచ్చి కూర్చొనుట. దీనికి 12 సెకన్లు గాని అంతకంటె ఎక్కువ గాని పడితే పడిపోయే భయమున్నది. చేతికర్ర వాడేవారు కర్రతోనే నడవవచ్చును. గడియారము లేనివారు ఒక్క ప్రశ్న అడగండి: "ఈ ఏడాదిలో ఎప్పుడైనా పడ్డావా?" దీనిని కోడలు ఎదుట, కొడుకు ఎదుట అడగవద్దు. పడిన సంగతి దాచుట మన పెద్దలకు అలవాటు. పడ్డానంటే ఇక గుమ్మము దాటనివ్వరని వారి భయము.

తిండి సంగతి మన ఆడవారికి తూకము లేకుండానే తెలుస్తుంది. రవికె వదులు కావడము, గాజులు మోచేతిదాకా జారడము, ఉంగరానికి దారము చుట్టుకొనడము. మూడు నెలలలో కోరకుండానే 3 కిలోలకు పైగా తగ్గితే డాక్టరుకు చూపవలసినదే. ఒక్కొక్కసారి కారణము కదులుచున్న పన్ను మాత్రమే కావచ్చును.

వినికిడికి వెనుక నిలబడి గుసగుసగా రెండు మాటలు చెప్పి, మరల చెప్పమనండి. జ్ఞాపకానికి మూడు వస్తువుల పేర్లు చెప్పి, కాసేపు వేరే మాటలాడి, ఆ మూడు ఏమిటో అడగండి. ఏ వారమో, ఏ నెలో అడగండి. తప్పు చెప్పినంత మాత్రాన మతిమరుపు జబ్బు అని తీర్మానము చేయకండి. వినబడక తప్పు చెప్పినవారిని మేము చూచాము. మనస్సు విషయములో అడగవలసినవి రెండే: ఈ రెండు వారాలలో దిగులుగా, ఇక దేనివల్లా ప్రయోజనము లేదన్నట్టు అనిపించిందా? ముందు ఇష్టముగా చేసే పని మీద ఆసక్తి పోయిందా? భార్య పోయిన తాతగారు పశువులవంక చూడక, అన్నము దగ్గర కూర్చొని లేచిపోవుచున్న యెడల అది దుఃఖము అని ఊరుకొనకూడదు. దుఃఖము కావచ్చును, మందుతోను మాటతోను నయమయ్యే కుంగుబాటు కూడ కావచ్చును.

ఇక ఒక సంగతి మేము బరువుతో వ్రాయుచున్నాము. మా పొరుగు సంఘములో ఒక తాతగారు. ఎన్నడూ తడబడని మనిషి, ఒక సోమవారము పొంతన లేకుండా మాటలాడుట మొదలుపెట్టారు. రాత్రంతా లేచి తలుపు తీసేవారు, పగలు మగతగా పడుకొనేవారు. "చాదస్తము ముదిరింది" అని ఇంటిల్లిపాదీ నవ్వుకున్నారు, విసుక్కున్నారు. జ్వరము లేదు గనుక జబ్బని ఎవరికీ తోచలేదు. గురువారము ఆసుపత్రికి తీసుకొనిపోయేటప్పటికి ఊపిరితిత్తుల నిండా చీము పట్టియున్నది. శనివారము సమాధి కార్యక్రమములో మేమును ఉన్నాము. ఆయన కుమార్తె మమ్ములను, "అది జబ్బని ఎవరైనా ముందే చెప్పి ఉండవలసింది కదా అయ్యగారూ" అని అడిగింది.

గనుక చెబుతున్నాము. మతిమరుపు నెలల మీద, ఏళ్ళ మీద మెల్లగా వస్తుంది. ఒకటి రెండు రోజులలో మనిషి మారిపోతే అది చాదస్తము కాదు. మూత్రములో గాని ఊపిరితిత్తులలో గాని క్రిములు చేరియుండవచ్చును, ఒంటిలో ఉప్పు తగ్గియుండవచ్చును, కొత్త మందు పడకపోయి ఉండవచ్చును. వయస్సు మళ్ళినవారికి జ్వరము రాకుండానే ఇవి ముదురుతాయి. ఆ రోజే తీసుకొనిపొండి. మూతి వంకర, మాట ముద్ద, ఒక చేయి పడిపోవుట కనబడితే గంటల లెక్క కూడ కాదు, వెంటనే 108కి ఫోను చేయండి.

ప్రభుత్వము చేయుచున్నది ఏమీ లేదని అనుకొనరాదు. 2011 జనాభా లెక్కలలో మన దేశములో 60 దాటినవారు 10 కోట్లు మించారు. దానికి ముందే, 2010లో, వృద్ధుల ఆరోగ్య సంరక్షణకు జాతీయ కార్యక్రమమొకటి మొదలైంది. దాని మార్గదర్శకాల ప్రకారము ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో వారానికి ఒకరోజు వృద్ధులకు ప్రత్యేకముగా చూడవలెను. కదలలేనివారిని ఇంటివద్ద చూడవలెను. చేతికర్రలవంటివి ఉపకేంద్రములో ఇవ్వవలెను. మీ ఊరిలో ఆ రోజు ఏదో ఎ.ఎన్.ఎమ్.ను అడగండి. అట్టి రోజు లేదంటే అదియే అడుగవలసిన ప్రశ్న. 2024 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము 70 దాటినవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండా, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స పథకమును విస్తరించింది. మంచిదే. అయితే అది మంచము పట్టి ఆసుపత్రిలో చేరినవారికి. పెద్దవారిని ఇంట్లో కొట్టడము, తిండి పెట్టకపోవడము, ఒంటరిగా వదిలివేయడము వంటివి ఉన్నచోట 14567 అను ఉచిత ఫోను నంబరు ఉన్నది.

మామ్మగారి సంగతి తెలిసిన తరువాత మేము ఉత్సాహపడి, ఒక ఆదివారము మందిరము వెలుపల వేపచెట్టు క్రింద కుర్చీ వేసి, సుద్దతో 3 మీటర్లు గీసి, 60 దాటినవారినందరినీ నడిపించాము. యౌవనస్థులు సెల్‌ఫోనులో సెకన్లు లెక్కపెట్టారు. 23 పేర్లు ఒక పుస్తకములో వ్రాశాము. పుస్తకము బీరువాలో పెట్టాము. రెండు నెలలు అది అక్కడే ఉన్నది. బ్రిటనువారి సంగతి మేము ఊరకే ప్రస్తావించలేదు.

మరల పుస్తకము బయటకు తీయించినది మా శ్రీమతి. ఇప్పుడు ఒక్కొక్క పేరు ఎదుట ఒక యౌవనస్థుని పేరు ఉన్నది. ఆ నెలలో ఆ పెద్దవారిని పి.హెచ్.సి.కి తీసుకొని వెళ్ళినది లేనిది అతడు వ్రాయవలెను. మందుల సంచి పట్టుకొని వెళ్ళుట అతని పని. 23 మందిలో 15 మంది వెళ్ళారు. ముగ్గురు రామన్నారు, వారిని బలవంతము చేయలేదు. మిగిలినవారి సంగతి నడుచుచున్నది. ఒక పెద్దాయన మాత్రము, "నా నడకకు గడియారము పెట్టేటంతవాడివా" అని మా అబ్బాయిలలో ఒకని మీద చేతికర్ర ఎత్తాడు. ఆయన 9 సెకన్లలో నడిచాడు.

కష్టమైన పని మందిరములోనే వచ్చింది. చాపల స్థానములో కొన్ని కుర్చీలు వేయుదుమని మేము కమిటీలో చెప్పితే, "దేవుని సన్నిధిలో నేలమీద కూర్చొనుటే మన పద్ధతి" అని ఇద్దరు పెద్దలు గట్టిగా నిలబడ్డారు. మూడు సమావేశాలు పట్టింది. చివరకు 12 ప్లాస్టిక్ కుర్చీలు, చేతులున్నవి, కొన్నాము. చేతులు లేనివాటిలోనుండి లేచుట కష్టము. స్త్రీల సమాజమువారు తమ డబ్బుతో వెనుక మరుగుదొడ్డి కట్టించి, గోడకు ఇనుప కమ్మీ వేయించారు. మెట్లకు కమ్మీ ఇంకా వేయలేదు, మేస్త్రీ వస్తానని రెండు నెలలుగా చెబుతున్నాడు.

మామ్మగారు మరల వస్తున్నారు. వర్షము పడితే రారు. శుక్లము ఆపరేషను కార్తెలు మారిన తరువాత చేయించుకుంటానని వాయిదా వేస్తున్నారు. ఎడమచెవి గుబిలి తీసిన తరువాత ఆ చెవి బాగుగా వినబడుచున్నది, కుడిచెవి అంతంతమాత్రమే. అందుచేత ఆమె కుర్చీ స్త్రీల వైపు గోడవారగా, ఎడమచెవి మావైపు ఉండునట్లు వేశాము. పోయిన ఆదివారము ప్రసంగము ముగిసిన తరువాత ఆమె మాతో, "ఇన్నాళ్ళూ వినబడలేదుగాని అయ్యగారూ, మీరు చాలాసేపు చెబుతారండీ" అన్నారు.